బోర్లా పడుకుని విన్న కథ

కంటి డాక్టరు చెప్పింది ఒక్కటే. మళ్ళీ తను పిలిచి చూసేదాకా ఆవిడ తల ఎత్తకూడదు.

ఆవిడ కంటి వెనక తెర ఊడింది. దాన్ని తిరిగి అతికించి, లోపల ఒక గాలి బుడగ పెట్టారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. అందుకని ముఖం నేలవైపు ఉంటేనే అది వెనకున్న తెరను అదిమి పట్టుకుంటుంది. తల ఎత్తితే బుడగ పక్కకు జరుగుతుంది. తెర మళ్ళీ ఊడితే ఇక ఆ కన్ను మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. రెండో కన్ను చిన్నప్పటి నుంచీ మసకే. మనిషి వచ్చాడని తెలుస్తుంది గాని ఎవరొచ్చారో తెలియదు. అంటే ఈ కన్ను నిలిస్తేనే చూపు నిలిచినట్టు.

"తినేటప్పుడు తల వంచుకునే తినాలమ్మా. నడిచినా అంతే. పడుకుంటే మాత్రం బోర్లా."

"పెళ్ళప్పుడే వంచలేదు డాక్టరుగారూ ఈ తల," అంది ఆవిడ. "ఇప్పుడు ఈయన ముందు వంచమంటారా."

డాక్టరు నవ్వాడు. ఆవిడ భర్త నవ్వలేదు. ఆయన ఆవిడ మెడ వంక చూస్తున్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే తిరిగే మెడ అది. పక్కింట్లో గిన్నె పడితే తిరిగే మెడ. వంటింట్లో ఉండి వీధిలో ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో చెప్పగల మనిషిని, కదలకుండా పడుకోబెట్టాలి. ఇంట్లో ఉన్నది తనొక్కడే.

ఆయన అచ్చాఫీసులో కంపోజిటరు. మూడో తరగతితో బడి మానేసి ప్రెస్సులో చేరాడు. గూళ్ళ పెట్టెలోంచి సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసలో పేర్చి, పేజీ కట్టడం పని. ఆ ప్రెస్సు మూతపడి, సీసమంతా తూకానికి పోయేదాకా అదే పని చేశాడు. మాట్లాడడం తక్కువ. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కోసం పెట్టే సీసం ముక్కను స్పేసు అంటారు. అది అచ్చులో కనపడదు, కాని అక్కడ ఉంటుంది. ప్రెస్సులో వాళ్ళు ఆయన్ను స్పేసు గారూ అని పిలిచేవాళ్ళు. ఆయన దానికీ పలికేవాడు.

ఇంటికి రాగానే మంచం చివర ఒక స్టూలు వేశాడు. మంచానికీ స్టూలుకూ మధ్య ముఖం పట్టేంత సందు వదిలాడు. నుదుటి కింద తువ్వాలు చుట్టిపెట్టాడు. గుండె కింద దిండు, భుజాలకు అటొకటి ఇటొకటి మడత దుప్పట్లు. ఎక్కడా కదలిక లేకుండా, పేజీ చుట్టూ చెక్కముక్కలు దూర్చి బిగించినట్టు బిగించాడు.

"నన్ను అచ్చుకెక్కిస్తున్నారా ఏమిటి," అంది ఆవిడ నేల వంక చూస్తూ.

"కదలకు."

"కదలడానికి చోటు వదిలితేగా."

చోటు వదలకపోయినా ఆవిడ కదిలింది. కుక్కరు కూత వేస్తే కదిలింది. కాకి అరిస్తే కదిలింది. బయట ఎవరో దగ్గితే, "పై వాటా ఆయనకు ఇంకా తగ్గలేదా" అని అడగబోయి తల సగం తిప్పింది. ప్రతిసారీ ఆయన చేతిలో పని వదిలేసి మంచం దగ్గరికి పరుగెత్తాడు.

సాయంత్రం ఆవిడ చెల్లెలు వచ్చింది. బట్టల కొట్లో అమ్మకాల పని చేస్తుంది. రోజంతా బేరాలాడి వచ్చినా నోరు అలిసిపోని మనిషి. బావను ఆటపట్టించకుండా ఆ ఇంటి గడప దాటదు. సంచిలోంచి ఒక నవల తీసింది. ఆపరేషనుకు ముందు అక్క సగం చదివి ఆపిన లైబ్రరీ పుస్తకం.

"కథ చేతిలో ఉంటే ఇల్లు అంటుకున్నా లేవదు మా అక్క. ఇది చదివి వినిపించు బావా. కదలదు."

"నేనా."

"నేనే చదివేదాన్ని. నేను ఇక్కడ కూచుంటే కొట్లో చీరలు నువ్వు మడత పెడతావా. అయినా జన్మంతా పుస్తకాలు చేసినవాడివి, నీకు చెప్పాలా."

"చేశాను," అన్నాడు ఆయన. "చదవలేదు."

మరదలు అది వేళాకోళమనుకుంది. కాదు. ప్రెస్సులో చేరిన కొత్తలోనే ఫోర్‌మన్ ఆయన చెవిలో ఒక సంగతి వేశాడు. అర్థం వెంట పోయావా, తప్పు నీ కళ్ళ ముందు నుంచే దాటిపోతుంది, అక్షరం చూడు, మాటను చూడకు అని. తప్పులు దిద్దేటప్పుడు ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఒకరు అచ్చుకాగితంలో సరిచూసుకోవాలి. పైకి చదివే పని ఎప్పుడూ ఈయనదే. కామాలూ చుక్కలూ కూడా పలుకుతూ, ఎక్కడా గొంతు లేపకుండా, దించకుండా చదివేవాడు. పెళ్ళి కార్డయినా చావు కబురైనా ఒకటే గొంతు. ఆ గొంతుకే ప్రెస్సులో ఆయనకు పేరు. ఎన్నో నవలలు ఆయన చేతుల మీదుగా పోయాయి. ఒక్కదాంట్లోనూ ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే పుస్తకం పట్టుకుని మంచం పక్కన కుర్చీలో కూచున్నాడు.

కథ ఒక రేవులో లాడ్జి నడిపే అమ్మగారిది. పైగదిలో దిగిన మనిషి రెండు రోజులుగా కనపడడం లేదు. గదికి తాళం, లోపల దీపం వెలుగుతూనే ఉంది. అమ్మగారు ఏదో తేల్చుకోవాలని రాత్రిపూట దొడ్లోకి బయల్దేరింది. ఆపరేషనుకు ముందు ఆవిడ చదవడం ఆపింది అక్కడే. ఆపరేషను బల్ల మీద కూడా పైగది ఆయన ఏమయ్యాడా అని ఆలోచించిందట.

ఆయన మొదలుపెట్టాడు.

"అమ్మగారు చీకట్లో కామా గోడ పట్టుకుని కామా అడుగులో అడుగు వేసుకుంటూ దొడ్లోకి వెళ్ళింది చుక్క. గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది చుక్క. చేతికి తీగ తగిలింది చుక్క. పేరా."

"ఆగండాగండి. ఆ కామాలెందుకు నాకు?"

"ఉన్నాయి."

"ఉంటే ఉండనివ్వండి, వాటి మానాన వాటిని. ఏం తగిలిందీ?"

"తీగ."

"ఏ తీగ? కరెంటు తీగా, పాదు తీగా, బట్టలారేసే తీగా?"

ఆయన మళ్ళీ చూశాడు. "తీగ అనే ఉంది."

"మీ గొంతులో అన్నీ ఒకటే తీగ. కరెంటు తీగయితే ఆవిడ ఈపాటికి చచ్చిపోయుండాలి. పోయిందా, ఉందా?"

"ఈ పేజీలో 'ళు' కొమ్ము విరిగింది," అన్నాడు ఆయన. "ఎవరు చూశారో గాని సరిగా చూడలేదు."

"ఇక్కడ మనిషి ప్రాణం పోతుంటే కొమ్ము గోల ఏమిటండీ. తర్వాత చదవండి."

చదివాడు. వరస ఎక్కడ అయిపోతే అక్కడ ఆగాడు. మాట సగంలో ఉన్నా సరే. ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు, అడుగుతున్నారో తిడుతున్నారో తెలియదు. లాడ్జి అమ్మగారు, వంటమనిషి, పోలీసాయన అందరూ ఒకే గొంతుతో, సరుకుల పట్టీ అప్పజెప్పినట్టు మాట్లాడారు. ఆవిడ కాసేపు ఓర్చుకుంది. కాసేపు పళ్ళు నూరింది. ఒకచోట "అమ్మగారు ఎంతకీ పట్టు విడవలేదు" అని చదివాడు.

"పట్టుచీర కట్టుకుని అర్ధరాత్రి దొడ్లోకి ఎందుకెళ్ళింది?"

"చీర అని లేదు. పట్టు అని ఉంది."

"ఇటివ్వండి ఆ పుస్తకం. మీ చదువు తగలెయ్య."

చెయ్యి చాచింది. చెయ్యితో పాటు భుజం, భుజంతో పాటు తల, అన్నీ లేచాయి. ముఖం తిన్నగా ఆయన వైపు తిరిగింది. కంటి మీద తెల్లటి పట్టీ, నుదుటి మీద తువ్వాలు గీతలు. ఆయన పుస్తకం కింద పడేసి రెండు చేతులతో ఆవిడ తల పట్టుకుని దించాడు.

"తల," అన్నాడు.

ఆవిడ మళ్ళీ సందులోకి ముఖం పెట్టుకుంది.

"ఎంతసేపు ఎత్తానండీ?"

"ఎంతోసేపు కాదు."

"లోపల ఏదో ఊగినట్టయింది."

ఆయన చేతులు ఇంకా ఆవిడ తల మీదే ఉన్నాయి. తీయాలనిపించలేదు. అతుక్కున్న తెర ఊడిందో, ఉందో బయటికి కనపడేది కాదు. డాక్టరు చూసేదాకా ఎవరూ చెప్పలేరు. తను కాస్త మనుషుల్లా చదివుంటే ఆవిడ లేచేది కాదు. అంతవరకు ఆయనకు తెలుసు.

పాలు కాచాలని వంటింట్లోకి వెళ్ళాడు. పుస్తకం చంకలో పెట్టుకునే వెళ్ళాడు. పొయ్యి మీద గిన్నె పెట్టి, గట్టుకు ఆనుకుని నేల మీద కూచుని ఆ తీగ ఉన్న పేజీ తీశాడు. ఈసారి పైకి చదవలేదు.

ఫోర్‌మన్ చెప్పినదానికి విరుద్ధంగా, అక్షరాన్ని వదిలి మాట వెంట పోవడం మొదట్లో కష్టంగా ఉంది. కళ్ళు ఊరికే విరిగిన కొమ్ముల దగ్గరికీ, వంకరగా పడిన వరసల దగ్గరికీ పోతున్నాయి. వాటిని లాక్కొచ్చి మాట మీద పెట్టాడు. తీగ దగ్గర చుక్క ఉంది. పేరా మారింది. తను అక్కడే ఆగాడు ఇందాక. పేరా దాటితే ఏముంది? "ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. తడి ఆకులు జలజలా రాలి మెడ మీద పడ్డాయి." ఆకులు. అయితే పాదు తీగే. రెండు వరసల కింద జవాబు పెట్టుకుని తను తీగ అనే ఉంది అని కూచున్నాడు.

పట్టు ఉన్నచోటికి పోయాడు. పోలీసాయన వద్దంటున్నాడు, అమ్మగారు తలుపు పగలగొట్టాల్సిందే అంటోంది. ఎంత చెప్పినా వినడం లేదు. అక్కడ చీరకు చోటెక్కడిది? మొండితనం అది.

గూట్లో ఉన్నప్పుడు అక్షరం ఎవరిదీ కాదు. నిన్న ఒకరి పెళ్ళి కార్డులో నిలబడ్డ సీసం ముక్కే ఇవాళ ఇంకొకరి చావు కబురులో నిలబడుతుంది. పక్కన ఏవి నిలబడితే వాటితో కలిసి మాటవుతుంది. ఇది ఆయన వేళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. మాటల సంగతి కూడా అంతేనని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. అనుకోవాల్సిన పని పడలేదు.

పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. అమ్మగారికి పాదు కింద పైగది తాళంచెవి దొరికింది.

"ఏమండీ," అని ముందుగదిలోంచి కేక. "పాలు."

తలెత్తి చూస్తే పాలన్నీ పొయ్యి మీదే ఉన్నాయి, గిన్నెలో తప్ప.

"మాడు వాసన ఇంటినిండా కొడుతుంటే మీరక్కడ ఏం చేస్తున్నారు?"

"తాళంచెవి దొరికింది."

"ఏ తాళంచెవి?" అని కాసేపు ఆగి, "నన్నిక్కడ పడుకోబెట్టి మీరు ముందుకు చదివేస్తున్నారా. ఎంత అన్యాయం."

"కదలకు. వస్తున్నా."

పొయ్యి తుడిచి వచ్చాడు. కుర్చీ పక్కకు లాగేశాడు. చాప తెచ్చి ఆవిడ ముఖం కింద నేల మీద పరిచి, వెల్లకిలా పడుకున్నాడు. పుస్తకం తన ముఖానికి పైన, కాస్త పక్కగా పట్టుకున్నాడు. ఇలాగైతే ఆవిడ తల ఎటూ తిప్పనక్కర్లేదు. మసక కంటికి ఆయన గడ్డం ఒక్కటే తెల్లగా ఆనింది.

"గడ్డం గీసుకోలేదా?"

"విను."

మళ్ళీ తీగ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కామాలు మింగేశాడు. పేరా అని అలవాటుగా నోటిదాకా వచ్చింది, అదీ మింగాడు. మొదట నెమ్మదిగా లోపల చదువుకుని, తర్వాత పైకి చదివాడు. మధ్యలో తడబడ్డాడు. పోలీసాయన గొంతు ఎలా ఉండాలో తెలియక ప్రెస్సు ఓనరు గొంతు పెట్టాడు. అది సరిపోయింది. ఆకులు మెడ మీద పడ్డప్పుడు ఆవిడ మెడ మీద రోమాలు లేచాయి. కింద నుంచి ఆయనకు కనిపించింది.

"హమ్మయ్య, పాదు తీగ," అంది ఆవిడ. "బతికింది."

ఆ పూట నుంచి అదే పద్ధతి. ఎక్కడైనా మాట ఇటో అటో అన్నట్టు తగిలితే ఆయన ఆగేవాడు. "ఉండు, చూడనీ" అని పైన నాలుగు వరసలు, కింద నాలుగు వరసలు చూసేవాడు. ఈలోగా ఆవిడ ఊహించేది. ఒకచోట "దీపం కొండెక్కింది" అని వచ్చింది.

"ఆరిపోయిందన్నమాట," అంది ఆవిడ.

"తొందరపడకు. ఇందాక వాచ్‌మన్ లాంతరు పుచ్చుకుని ఎటు పోయాడు?"

"కొండ మీది బంగళాకు." కాసేపు ఆలోచించి, "ఓహో. అయితే నిజంగానే ఎక్కిందా?"

"ఎక్కింది. కింది వరసలో రాసుంది, కిటికీలోంచి వెలుతురు కనపడిందట."

"కామాలు చదివే మనిషి నాకు చెబుతున్నాడు."

ఆయన కింద పడుకుని నవ్వాడు. పుస్తకం జారి ముక్కు మీద పడింది. ఆవిడ కూడా నవ్వబోయి, తల ఊగుతుందని పెదాలు బిగబట్టుకుంది. కడుపు మాత్రం దిండు మీద అదురుతూనే ఉంది.

అన్నం తినేటప్పుడు కూడా పైగది ఆయన గురించే. ఆయన దొంగ అంది ఆవిడ, కంచంలోకి చూస్తూ. కాదన్నాడు ఆయన. దొంగయితే దీపం ఆర్పి పోతాడు, నూనె ఖర్చు వాడిది కాకపోయినా సరే, వెలుతురు వాడికి పడదు అన్నాడు. ఆయన ఒక్కసారిగా అంత పొడుగు మాట మాట్లాడడం వినేసరికి ఆవిడ చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది.

ఇన్నింటి మధ్యా ఆ తల లేచిన సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆయన మాత్రం మర్చిపోలేదు. ఆవిడ కదలకుండా వింటున్న కొద్దీ ఆయనకు ఇంకా భయం వేసేది. ఇంత బాగా పడుకున్నా, ఆ ఒక్కసారితోనే అంతా అయిపోయుంటే?

ఒక మధ్యాహ్నం కొట్టుకు సెలవని మరదలు వచ్చి తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ కొట్టింది. తన దగ్గరున్న తాళంచెవితో తీసి లోపలికి వస్తే, మంచం మీద అక్క తల వేలాడేసి ఉంది, నేల మీద బావ వెల్లకిలా పడి ఉన్నాడు. ఆమె చేతిలో సంచి జారింది.

"ష్," అన్నాడు బావ పుస్తకం పక్కనుంచి. "నిద్రపోయింది."

ఆమె కింద పడ్డ సంచి తీసుకుంది. "నా నిద్ర పోయింది ఈ రాత్రికి. మరి అక్క నిద్రపోతే నువ్వెవరికి చదువుతున్నావు?"

"అయిపోవచ్చింది."

"అక్క లేచాక చంపుతుంది నిన్ను, ముందే చదివేశావని."

"మళ్ళీ చదువుతా. తెలియనట్టే చదువుతా."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నెమ్మదిగా లేచి, ఆమెను వంటింట్లోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"రెండో రోజు ఒకసారి లేచింది," అన్నాడు. "తిన్నగా. నా మూలంగానే."

మరదలు ముఖంలో వేళాకోళం పోయింది. "డాక్టరుకు చెప్పావా?"

"లేదు."

"చెప్పు బావా. నేను కొట్టు ఎగ్గొట్టి తోడు వస్తాలే."

"వద్దు. చెబుతాను."

డాక్టరు పిలిచిన రోజు వెళ్ళారు. ఆవిడ తల వంచుకునే ఆటో ఎక్కింది, తల వంచుకునే దిగింది. ఆస్పత్రి వరండాలో నేల మీద నల్ల గళ్ళు, తెల్ల గళ్ళు. "ఇక్కడ గడులు, మన ఇంట్లో చారలు, ఈ మధ్య నాకు లోకమంటే నేలే," అంది. ఆయన చెయ్యి వదలలేదు.

డాక్టరు గదిలోకి పోగానే ఆవిడను కూచోబెట్టి, తను నిలబడే చెప్పాడు. "రెండో రోజు తల ఎత్తిందండి. కాసేపు. ఆవిడ తప్పు కాదు."

"నా తప్పే," అంది ఆవిడ నేల వంక చూస్తూ. "పుస్తకం లాక్కోబోయాను."

డాక్టరు పట్టీ విప్పాడు. చుక్కల మందు వేశాడు. నుదుటికి దీపం కట్టుకుని, చేతిలో అద్దం పట్టుకుని లోపలికి చూశాడు. పైకి చూడమన్నాడు, కిందికి, ఇటు, అటు. చాలాసేపు చూశాడు. డాక్టరు అద్దం దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ చూశాడు.

"అతుక్కుంది," అన్నాడు.

ఆవిడ చెయ్యి భర్త చొక్కా అంచు పట్టుకుంది.

"బాగా అతుక్కుందండీ. ఎక్కడా నీరు లేదు. ఆ ఒక్కసారికి ఏం కాలేదు. తర్వాత అస్సలు కదిలినట్టు లేదు మీరు. ఇంత బుద్ధిగా పడుకున్నవాళ్ళు తక్కువ. ఏం చేశారు?"

"పైగది ఆయన..." అని మొదలుపెట్టి ఆవిడ ఆగింది. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి.

"కథ చదివాను," అన్నాడు ఆయన.

డాక్టరు తలూపి చీటీ రాయడంలో పడ్డాడు. "ఇక తల ఎత్తొచ్చు. వెల్లకిలా మాత్రం ఇంకొన్నాళ్ళు పడుకోవద్దు."

ఆవిడ ఎత్తలేదు. చెప్పినా మెడ నమ్మలేదు. ఆయన దగ్గరికి వచ్చి గడ్డం కింద వేలు పెట్టాడు.

"ఎత్తు."

మెల్లగా ఎత్తింది. మెడ ఎముకలు పటపటమన్నాయి. ముందు ఆయన చొక్కా గుండీ కనిపించిందట, తర్వాత కాలరు, తర్వాత ముఖం. బుడగ ఇంకా పూర్తిగా కరగలేదు కాబట్టి అంతా గ్లాసులో నీళ్ళలోంచి చూసినట్టు ఊగుతోంది. అయినా చూసింది. చాలాసేపు చూసింది.

"చిక్కిపోయారు," అంది.

బయట బెంచీ మీద ఆయన కూలబడ్డాడు. ఆవిడ పక్కనే తల నిటారుగా పెట్టుకుని, వరండాలో పోయేవాళ్ళనందరినీ చూస్తూ కూచుంది. ఎవరి చెప్పులు ఎలా ఉన్నాయో కాదు, ఎవరి ముఖాలు ఎలా ఉన్నాయో చూసింది. ఒకామె పసిబిడ్డను భుజాన వేసుకుని పోతుంటే ఆ బిడ్డ వెనక్కి తిరిగి ఈవిడ వంకే చూసింది. ఈవిడా చూసింది. ఆయన మరదలికి ఫోను చేసి, "అతుక్కుంది" అని ఒక్క మాట చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కారు. ఆటోలో అయితే తొందరగా వెళ్ళిపోతాం, బస్సయితే నెమ్మదిగా చూసుకుంటూ పోవచ్చు అంది. కిటికీ పక్కన కూచుంది. కొట్ల బోర్డులు, తీగల మీద పిట్టలు, మేడల మీద ఆరేసిన బట్టలు, అన్నీ కాస్త ఊగుతూ వెనక్కి పోతున్నాయి. ఒక బోర్డు చూపించి ఏదో అడగబోయి పక్కకు తిరిగింది. ఆయన నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. బస్సు గుంటలో పడితే తల ఆవిడ భుజం మీదికి ఒరిగింది, అక్కడే ఉండిపోయింది.

వాళ్ళు దిగాల్సిన చోటు వచ్చింది. కండక్టరు కేక వేశాడు. ఆవిడ భుజం కదపలేదు. బస్సు కదిలిపోయింది. చివరిదాకా పోయి తిరిగి రావచ్చు, దానికేం, అనుకుని మళ్ళీ కిటికీ వైపు తల తిప్పుకుంది.